అడవి దారికి రాత్రి గేటు ఎందుకు?

హైదరాబాద్ నాచారం నుంచి కారులో శ్రీశైలం బయల్దేరారా? రాత్రి 9 దాటితే మన్ననూరు చెక్‌పోస్టు దగ్గర ఆపేస్తారు. గేటు మళ్లీ తెరిచేది ఉదయం 6కే.

ఎందుకంటే, అక్కడి నుంచి దారి అమ్రాబాద్ పులుల అభయారణ్యంలోంచి పోతుంది. పులి, చిరుత, కణితి జింక ఎక్కువగా చీకటి పడ్డాకే తిరుగుతాయి. చీకటికి అలవాటుపడిన కణితి కళ్లలో హెడ్‌లైటు పడితే దానికేమీ కనిపించదు. పారిపోకుండా రోడ్డు మధ్యే కొయ్యబారిపోతుంది. డ్రైవరు బ్రేకు వేసేలోపే ఘోరం జరిగిపోతుంది.

వేటగాళ్లకు ఈ సంగతి ఎప్పుడో తెలుసు. కాలినడకన రోజంతా వెతకాల్సిన అడవిని జీపు గంటలో చుట్టేస్తుంది. బండి మీద లైటు, చేతిలో తుపాకీ! ఇక జంతువు తప్పించుకునేదెలా? నన్నడిగితే దాన్ని వేట అనడమే తప్పు. లైసెన్సు ఉన్నా సరే, వాహనంలోంచి వేటాడకూడదని 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం అందుకే చెప్పింది. 1991 సవరణతో సరదా వేటకే తెరపడింది. లైసెన్సు వేట నేటికీ సాగుతున్న అమెరికాలోనూ, వేట కాలంలో కొన్ని అడవి దారులను మోటారు బండ్లకు మూసేస్తారు.

శ్రీశైలం ప్రయాణమైతే పగటిపూటే ఆ అడవి దాటేలా బయల్దేరమని ఇంట్లో చెప్పండి. పగలైనా సరే, అక్కడ వేగం తగ్గించాలి, హారన్ కొట్టకూడదు.