పాత కారుకు మెరుగు

హైదరాబాదులోని చౌమహల్లా ప్యాలెస్‌ను దర్శించినవారికి అక్కడ ఒక పసుపుపచ్చని కారు తప్పక కనిపిస్తుంది. అది రోల్స్ రాయిస్ సంస్థవారి సిల్వర్ ఘోస్ట్. ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ దానిని పురమాయించాడు. 1911లో ఆయన మరణించడంతో, అది ఆయన కుమారుడు మీర్ ఉస్మాన్ అలీఖాన్ ఏలుబడిలో హైదరాబాదు చేరింది. లండన్‌కు చెందిన బార్కర్ కంపెనీవారు దాని వెనుక భాగాన్ని సింహాసనం వంటి ఎత్తైన ఆసనంతో తీర్చిదిద్దారు. పసుపు అసఫ్‌జాహీల పతాక వర్ణం. ఆ రంగు తీసివేసి నలుపు వేస్తే యంత్రం చెడిపోదు, నడకలో తేడా రాదు. కాని అది నిజాం కారు కాకుండా పోతుంది.

అటువంటి రాచబండ్లు మన గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తి, మిరప మైదానాలలో కనిపించేవి కావు. ఇక్కడ పాతకారు అంటే చాలామందికి అంబాసిడరే. బ్రిటన్‌లోని మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడవ శ్రేణి కారును ఆధారం చేసుకొని హిందుస్తాన్ మోటార్స్ సంస్థ దానిని రూపొందించింది. పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తర్‌పాడా కర్మాగారంలో 2014లో దాని ఉత్పత్తి ఆగిపోయింది. ఒకనాడు వీధికొకటిగా తిరిగిన ఈ బండ్లలో తొలినాటివి నేడు అరుదైపోయాయి. 2021 జులైలో కేంద్ర ప్రభుత్వం వింటేజి వాహనాల నమోదుకు ప్రత్యేక నిబంధనలు చేసింది. తొలి రిజిస్ట్రేషను జరిగి 50 ఏళ్లు దాటి, చట్రం, బాడీ, ఇంజనులలో చెప్పుకోదగిన మార్పు లేకుండా అసలు రూపంలో నిలిచిన వాహనాలకు ‘వి.ఎ.’ అనే అక్షరాలు గల నంబరు లభిస్తుంది. దీనితో పెంకుటింటి పంచలో దుమ్ముపట్టిన బండికి కూడా విలువ వచ్చింది. విలువతోపాటు ప్రమాదమూ వచ్చింది. ఎందుకంటే యజమానికి ముందుగా తోచే పని దానికి కొత్త రంగు కొట్టించడం.

తాళపత్ర గ్రంథాలను పరిష్కరించేవారికి ఈ చిక్కు కొత్తది కాదు. పురుగు తొలిచిన చోట, ఆకు విరిగిన చోట పాఠం లోపిస్తే ‘గ్రంథపాతం’ అని గుర్తించి ఖాళీ విడిచిపెట్టే పరిష్కర్త ఒకడు. తన కవిత్వంతో ఆ ఖాళీని పూరించి, పూరించిన సంగతి చెప్పనివాడు మరొకడు. రెండవవాని ప్రతి చదవడానికి హాయిగా ఉంటుంది. మొదటివాని ప్రతిని నమ్మవచ్చు. కారు విషయంలోనూ పరిరక్షణ వేరు, పునరుద్ధరణ వేరు. ఉన్నదానిని నిలుపుకోవడం పరిరక్షణ. పోయినదానిని ఆధారాలతో తిరిగి కల్పించడం పునరుద్ధరణ. ప్రాచీన కట్టడాల విషయంలో 1964 నాటి వెనిస్ ప్రకటన ఈ వివేకాన్ని నిర్దేశించింది. పాత వాహనాల కోసం అంతర్జాతీయ సమాఖ్య ‘ఫీవా’ రూపొందించిన ట్యూరిన్ ప్రకటన దాని అడుగుజాడలలో నడిచింది.

ఇక రంగు సంగతి. ఇనుపరేకుపై మొదట తుప్పును అడ్డుకొనే ప్రైమరు, దానిపై గతుకులను సరిచేసే పూత, అన్నిటికీ పైన రంగు పూత ఉంటాయి. ఇవన్నీ కలిసినా మందం సాధారణంగా మిల్లీమీటరులో పదవ వంతుకు అటూ ఇటూ మాత్రమే. ఈనాటి కార్లలో రంగుపై పారదర్శకమైన ‘క్లియర్ కోట్’ అనే మరొక పొర ఉంటుంది. పాత కార్లకు ఆ కవచం లేదు. మనం రుద్దేది నేరుగా రంగునే. పాత కారును తెల్లని గుడ్డతో పాలిష్ చేస్తే గుడ్డకు కారు రంగు అంటుకోవడం ఇందుకే.

ఈ పూతల చరిత్రకూ మన పత్తికీ ఒక చుట్టరికం ఉంది. పాండవుల కోసం దుర్యోధనుడు కట్టించిన లక్కయింటి కథ మీరు ఎరిగినదే. ఆ ‘లాక్ష’ శబ్దం నుండే ఆంగ్లంలోని ‘లక్కర్’ పుట్టింది. అనకాపల్లి జిల్లా ఏటికొప్పాకలో కొయ్యబొమ్మలకు నేటికీ లక్కతోనే రంగు వేసి, మొగలి ఆకుతో రుద్ది నునుపు తెస్తారు. కార్ల లక్కరు మాత్రం లక్కపురుగు ఇచ్చినది కాదు, పత్తి ఇచ్చినది. జిన్నింగులో దూది తీసిన తరువాత గింజను అంటిపెట్టుకొని పొట్టి నూగు మిగులుతుంది. దానిని శుద్ధిచేసి నత్రికామ్లం, గంధకామ్లాల మిశ్రమంలో నానబెడితే నైట్రోసెల్యులోజ్ ఏర్పడుతుంది. నత్రజని పాలు ఎక్కువైతే అది తుపాకి మందు. తక్కువైతే ద్రావణిలో కరిగి, ఆరగానే గట్టిపడే పూత. పొర పెళుసుబారకుండా అందులో ఆముదం వంటివి కలిపేవారు. 1923లో డ్యూపాంట్ సంస్థ ‘డ్యూకో’ పేరుతో తెచ్చిన పూత ఇదే. అంతకుముందు నూనె వార్నిషును కుంచెతో పూసి, ప్రతి పొరా ఆరేదాకా వేచి, రుద్ది, మళ్లీ పూసేవారు. ఒక్క కారుకు వారాలు పట్టేది. డ్యూకోతో ఆరడం గంటల పని అయింది. తరువాత ఎన్ని కంపెనీల రంగులు వచ్చినా, మన షెడ్లలో ‘డ్యూకో పెయింటు’ అనే మాట నిలిచిపోయింది.

మెరుపు రంగులో ఉండదు, సమతలంలో ఉంటుంది. నిలకడగా ఉన్న చెరువు నీటిలో గట్టుమీది తాటిచెట్టు స్పష్టంగా కనిపిస్తుంది. గాలికి నీరు చెదరగానే బింబం చెదురుతుంది. కాంతి ఒకే దిశలో పరావర్తనం చెందితే మెరుపు, నలుదిక్కులకూ చెదిరితే మసక. ఎండలోని అతినీలలోహిత కిరణాలు పూతలోని బంధకాన్ని విచ్ఛిన్నం చేస్తాయి. అప్పుడు పట్టు తప్పిన వర్ణకం సున్నపు గోడవలె చేతికి పొడిగా అంటుతుంది. గుంటూరు ఎండలు ఇందుకు చాలినంత తోడ్పడతాయి. బాపట్ల, చీరాల తీరాలలోనైతే ఉప్పుగాలి రేకును తుప్పుకు గురిచేస్తుంది. వీటన్నిటికంటె ఎక్కువ హాని మనిషి చేతిలోనే జరుగుతుందని నా అభిప్రాయం. దుమ్ము పట్టిన కారును ఉదయాన్నే పొడిగుడ్డతో తుడవడం మనకు అలవాటు. నల్లరేగడి దుమ్ములోని ఇసుక రేణువులు గుడ్డకింద చేరి సాలెగూటి వంటి సన్నని గీతలు గీస్తాయి. నీడలో కనబడని ఆ గీతలన్నీ ఏటవాలు ఎండలో బయటపడతాయి.

కాబట్టి పని నీటితో మొదలు కావాలి. కారును నీడలో నిలిపి, ధారాళంగా నీరు పోసి, దుమ్మును జారనివ్వాలి. ఆపైన మృదువైన షాంపూతో, పైనుండి కిందికి కడగాలి. షాంపూనీటికి ఒక బకెట్టు, గుడ్డ జాడించుకోవడానికి మరొక బకెట్టు ఉండాలి. బోరునీటిని కారుపైనే ఎండనిస్తే లవణాలు తెల్లమచ్చలుగా నిలుస్తాయి కనుక వెంటనే అద్ది ఆరబెట్టాలి. రాగిచెంబును చింతపండుతో తోమినట్లు కారును తోమరాదు. చెంబుకు లోహమే ఉపరితలం, కారుకు లోహంపై ఉన్న సన్నని పొర.

తరువాతిది పరీక్ష, ఓపిక కావలసిన ఘట్టం. పలుచని గుడ్డ చుట్టిన చిన్న అయస్కాంతాన్ని తలుపులపై, మడ్‌గార్డులపై ఆనించి చూడాలి. అది పట్టు విడిచిన చోట కింద పుట్టీ మందంగా ఉన్నదని, అంటే ఎప్పుడో దెబ్బతిని బాగుపడిందని గ్రహించాలి. మందం కొలిచే మీటరు దొరికితే మైక్రాన్లలో లెక్కే తెలుస్తుంది. డిక్కీ లోపల, తలుపు అంచులలో, రబ్బరు పట్టీల కింద ఎండ సోకని అసలు రంగు దాగి ఉంటుంది. కారు తొలినాటి వర్ణానికి ప్రమాణం అదే. కనబడని మూల ఒకచోట థిన్నరు తడిపిన దూదిని అద్దితే పూత స్వభావం కూడా తెలుస్తుంది. నైట్రోసెల్యులోజ్ పూత కరిగి దూదికి అంటుతుంది. పాత ఎనామిల్ ముడుతలు పడవచ్చు. ఈనాటి గట్టి పూత చలించదు. ఈ పరీక్ష చేయకుండా పాత ఎనామిల్‌పై థిన్నరు కలిసిన కొత్త రంగు చిమ్మితే, కింది పొర ఉబ్బి లేచి, ఉన్నది కూడా దక్కకుండా పోతుంది.

మసకబారిన రంగు చచ్చినట్లు కాదు. చాలాసార్లు మసక పైపొరకే పరిమితం. తాళపత్రాలు పెళుసుబారకుండా నిమ్మగడ్డి నూనె పూసినట్లు, ఎండిన పాత రంగుకు ముందు నూనె పాలు గల పాలిష్ పట్టించి ఒక రాత్రి వదిలేయడం మంచి పద్ధతి. ఆ తరువాత అతి మెత్తని పాలిష్‌తో జానెడు చోట ప్రయత్నించాలి. దానితో లొంగకపోతేనే రబ్బింగ్ కాంపౌండు వాడాలి. లోతైన గీతకు మాత్రమే 2000 నంబరు వాటర్ పేపరును నీటితో తడిపి తీయాలి. మన షెడ్లలో తరచు ఇది తలకిందులుగా జరుగుతుంది. పని త్వరగా తెమలాలని గరుకు కాంపౌండుతో, వేగంగా తిరిగే యంత్రంతో మొదలుపెడతారు. బానెట్ అంచులలో, వంపుల మొనలలో పూత పలుచన. క్షణంలో ప్రైమరు బయటపడుతుంది. ఆ పనివారు ముందే అంచులకు టేపు అంటించి, అక్కడ చేతితోనే రుద్దుతారు. చివర వేసే మైనం మెరుపును పుట్టించదు, పుట్టిన మెరుపును కొంతకాలం కాపాడుతుంది. బ్రెజిల్ దేశపు ఒక తాటిజాతి చెట్టు ఆకుల నుండి తీసే కార్నోబా మైనం ఇందుకు పేరెన్నిక గన్నది.

తుప్పు రేకును తిన్నచోట, పూత పెచ్చులుగా లేచినచోట తిరిగి రంగు వేయక తప్పదు. అప్పుడైనా చెడిన భాగానికే వేసి, పాత రంగుతో కలిపి, ఏది కొత్తదో ఫోటోలతో రాసిపెట్టడం ఉత్తమం. 1960ల నాటి కారుకు అద్దంవంటి నేటి నిగనిగలు తెప్పించడం నా దృష్టిలో అలంకారమే గాని పునరుద్ధరణ కాదు. ఆ కారు కర్మాగారం నుండి వచ్చిననాడు కూడా అంతగా మెరిసి ఉండదు.

రంగు కొట్టే కార్మికుని మాట ఇక్కడ చెప్పక తప్పదు. గుంటూరు, విజయవాడ ఆటోనగర్లలో ముక్కుకు చేతిరుమాలు కట్టుకొని స్ప్రేగన్ పట్టిన యువకులు కనిపిస్తారు. నేటి గట్టి పూతల హార్డెనరులో ఐసోసయనేట్లు ఉంటాయి. అవి ఉబ్బసాన్ని కలిగిస్తాయి. ఒకసారి శరీరం వాటిని సహించని స్థితికి చేరితే ఆ వృత్తినే వదులుకోవలసి రావచ్చు. రుమాలు వాటిని ఆపలేదు. బయటి నుండి శుభ్రమైన గాలి అందించే ముసుగు, గాలి బయటకు లాగే గది కావాలి. పాత పసుపు, ఎరుపు రంగులలో సీసం ఉండే అవకాశం ఉంది గనుక వాటిని పొడిగా గీకరాదు, తడిపి రుద్దాలి. నైట్రోసెల్యులోజ్ పూత మంటకు ఎంత చేరువో దాని పుట్టుకే చెబుతుంది. బీడీ, వెల్డింగు దరిదాపులకు రాకూడదు.

పని పూర్తయిన కారును ప్లాస్టిక్ పట్టాతో కప్పితే లోపలి చెమ్మ రంగును బుడగలెత్తిస్తుంది. గాలి ఆడే మెత్తని నూలుగుడ్డ, దానిపై నీడనిచ్చే కప్పు చాలు. కల్లాలలో మిరపకాయలు ఎండే రోజులలో గుడ్డ లోపలికి కూడా దుమ్ము చేరుతుంది గనుక, కప్పే ముందు ప్రతిసారీ కారును నీటితో కడగాలి.