కరువు మండలాల వర్షపాత రికార్డులు: కంప్యూటర్ స్క్రిప్టుతో శుద్ధి చేసే విధానం

అనంతపురము: పశ్చిమ కనుమల వర్షచ్ఛాయలో, తూర్పు తీరానికి దూరంగా ఉన్న అనంతపురం పీఠభూమికి నైరుతి, ఈశాన్య రుతుపవనాలు రెండూ అరకొరగానే చేరుతాయి. ఉమ్మడి జిల్లా సాధారణ వార్షిక వర్షపాతం సుమారు 553 మిల్లీమీటర్లు. ఇందులో నైరుతి కాలంలో 338, ఈశాన్య కాలంలో 156 మిల్లీమీటర్ల మేర కురుస్తుంది. కోస్తా జిల్లాలలో లెక్కలోకి రాని పది, పన్నెండు మిల్లీమీటర్ల తేడా ఇక్కడ ఒక మండలం స్థితినే మార్చగలదు. ఒక నెల సాధారణ వర్షపాతం 60 మిల్లీమీటర్లు అనుకొంటే, 12 మిల్లీమీటర్ల నమోదు తప్పిపోయినంత మాత్రాన లోటు 20 శాతానికి చేరుతుంది. వాతావరణ శాఖ వర్గీకరణ ప్రకారం 19 శాతం లోటు వరకు సాధారణమే. 20 నుండి 59 శాతం వరకు లోటు వర్షపాతం. 60 దాటితే తీవ్ర లోటు.

కేంద్ర ప్రభుత్వం 2016లో వెలువరించిన కరువు నిర్వహణ మార్గదర్శిని వర్షపాతాన్ని మొదటి మెట్టుగా నిర్ణయించినది. సాగు విస్తీర్ణం, పచ్చదనం, నేల తేమ, జలవనరుల సూచికలు, క్షేత్ర పరిశీలన ఆ తరువాతనే వస్తాయి. మొదటి మెట్టు వద్దనే ఆగిపోయిన మండలం తక్కిన పరీక్షలకు వెళ్ళదు. ప్రకటన వెలువడిన మండలాలలో 33 శాతం, ఆపై పంట నష్టపోయిన రైతులకు ఇన్‌పుట్ సబ్సిడీ ప్రశ్న పరిశీలనకు వస్తుంది. 2006 ఫిబ్రవరి 2న ఈ జిల్లాలోని నార్పల మండలం బండ్లపల్లిలో ప్రారంభమైన జాతీయ గ్రామీణ ఉపాధి హామీ పథకం కింద, కరువు ప్రకటించిన ప్రాంతాలలో 100 రోజులకు అదనంగా 50 రోజుల పని కల్పించే వెసులుబాటు ఉండినది. 2023 ఖరీఫ్‌లో రాష్ట్ర ప్రభుత్వం 103 మండలాలను కరువు మండలాలుగా ప్రకటించగా, వాటిలో అనంతపురము జిల్లాలోనివి 28, శ్రీ సత్యసాయి జిల్లాలోనివి 21. ఇటువంటి జాబితాకు ఆధారమైన అంకెలు ఏ విధంగా సిద్ధమవుతాయో తెలిసియుండుట పాత్రికేయులకును, అధికారులకును అవసరం.

ప్రతిదినం ఉదయం 8.30 గంటలకు వర్షమాపకంలోని నీటిని కొలిచి, అంతకు ముందటి 24 గంటల వర్షపాతంగా ఆ తేదీకి నమోదు చేస్తారు. కనుక జూన్ 9 రాత్రి కురిసిన వాన 10వ తేదీ లెక్కలోనే కనిపిస్తుంది. పత్రికలలో వచ్చిన వర్ష వార్తకు, ప్రభుత్వ పట్టికకు ఒకరోజు తేడా ఉండుటకు కారణం తరచుగా ఇదే. ఉమ్మడి జిల్లాలోని 63 మండలాలకు జూన్ నుండి సెప్టెంబరు వరకు 122 రోజుల నమోదులు కలిపితే ఒక్క నైరుతి కాలానికే 7,686 గడులు అవుతాయి. ఇరవై, ముప్పై ఏండ్ల రికార్డులను సరిపోల్చవలసి వచ్చినప్పుడు వీటిని చేతితో దిద్దుట సాధ్యమే కాని, దిద్దినది ఏమిటో తరువాత ఎవరికీ తెలియదు.

ఈ లోటును తీర్చునది స్క్రిప్టు. కంప్యూటరు వరుసగా చేయవలసిన పనులను సాధారణ పాఠ్యంగా వ్రాసి పెట్టిన ఆజ్ఞల పత్రమే స్క్రిప్టు. 1991లో తొలిసారి విడుదలైన పైథాన్ భాష ఇందుకు విస్తృతంగా వాడుకలో ఉన్నది. పట్టికల ఫైళ్ళను చదివే సీఎస్‌వీ విభాగం ఆ భాషలో 2003 నుండి అంతర్భాగమైనది. వెస్ మెకిన్నీ 2008లో ప్రారంభించిన పాండాస్ అనే లైబ్రరీ, అనగా ముందే సిద్ధం చేసి ఉంచిన ఆజ్ఞల భాండాగారం, పట్టికను దిగుమతి చేసుకొనుట, రూపాంతరం చేయుట, ఎగుమతి చేయుట అనే మూడు పనులను కొద్ది వాక్యాలలో ముగిస్తుంది. దీనికి రుసుము లేదు. మండలాల నుండి వచ్చిన మూల ఫైలును ముట్టుకోకుండా, మార్పులన్నీ స్క్రిప్టులోనే ఉంచుట వలన ఏ అంకె ఎందుకు మారినదో ఎవరైనా చదివి తెలుసుకోవచ్చును. అయితే లైబ్రరీకి అనంతపురం సంగతులు తెలియవు. చెప్పనిచోట అది తన అలవాటు ప్రకారం నడుచుకొంటుంది. చిక్కులన్నీ అక్కడే మొదలవుతాయి.

మొదటి చిక్కు తేదీ. కార్యాలయాలలో 03-06-2015 అని వ్రాస్తే అది జూన్ 3. పాండాస్ అలవాటు అమెరికా పద్ధతి. నెలను ముందు చదివి దానిని మార్చి 6గా భావిస్తుంది. 2023లో వెలువడిన రెండవ ప్రధాన కూర్పునకు ముందు, 13-06-2015 వంటి తేదీలను మాత్రం అది సరిగానే జూన్‌గా చదివేది, ఎందుకనగా 13వ నెల లేదు. ఫలితంగా ఒకే పట్టికలో సగం తేదీలు ఒప్పు, సగం తప్పు అయ్యేవి. జూన్ 7, 8, 9 తేదీల వాన జూలై, ఆగస్టు, సెప్టెంబరు నెలల 6వ తేదీకి తరలిపోయి, ఆ మూడు రోజుల నమోదులు జూన్‌లోకి వచ్చి చేరేవి. నాలుగు నెలల మొత్తం చూచిన వారికి పెద్ద తేడా కనిపించకపోవచ్చును. వారాల వారీ లెక్కలో మాత్రం రుతుపవనం ప్రవేశించే రోజులే గల్లంతవుతాయి. తేదీలో రోజు ముందు వస్తుందని దిగుమతి వేళనే స్పష్టంగా చెప్పుట దీనికి విరుగుడు.

రెండవ చిక్కు, అన్నిటికన్నా పెద్దది, సున్నకు ఖాళీకి గల భేదం. వాన పడని రోజున కొందరు 0 అని, కొందరు 'నిల్' అని, మరికొందరు అడ్డగీత వేసి వ్రాస్తారు. కొలత తీయని రోజున గడిని ఖాళీగా వదిలివేస్తారు. ఈ పీఠభూమిలో వాన లేని రోజులే ఎక్కువ గనుక, పట్టికలో అత్యధిక భాగం ఈ గుర్తులే ఆక్రమిస్తాయి. పాండాస్ ఖాళీ గడిని విలువ లేనిదిగా గుర్తిస్తుంది. 'నిల్' అనే మాట దాని జాబితాలో లేదు. ఒక్క గడిలో ఆ మాట ఉన్నా నిలువు వరుస మొత్తాన్ని అంకెలుగా కాక అక్షరాలుగా తీసుకొంటుంది. అప్పుడు పని చేసేవారు తొందరపడి, అంకెలు కానివన్నీ విలువ లేనివిగా మార్చమని ఆజ్ఞ ఇచ్చుట పరిపాటి. దీనితో వాన లేని రోజులు, కొలత లేని రోజులు ఒక్కటైపోతాయి. సగటు తీయునప్పుడు లైబ్రరీ విలువ లేని గడులను వదిలి తక్కిన వాటినే లెక్కిస్తుంది. నెలలో మూడు రోజులు మాత్రమే పది మిల్లీమీటర్ల చొప్పున కురిసిన మండలానికి దినసరి సగటు ఒక మిల్లీమీటరుకు బదులు పది మిల్లీమీటర్లుగా వస్తుంది. కరువు మండలం కాగితం మీద పచ్చగా కనిపించును.

దీనికి పూర్తిగా విరుద్ధమైన తప్పు కూడా ఇందులోనే పొంచి ఉన్నది. 2017 డిసెంబరులో వెలువడిన కూర్పు నుండి, విలువలేమీ లేని గడులను కూడితే పాండాస్ ఇచ్చే మొత్తం సున్న. గణితపరంగా దానికి సమర్థన ఉన్నది. వర్షపాతానికి మాత్రం అది ప్రమాదకరం. వర్షమాపకం చెడిపోయి మూడు వారాలు కొలత లేని మండలం, మూడు వారాలు చినుకు పడని మండలం సమానమవుతాయి. వారానికి సాధారణంలో సగం కన్నా తక్కువ వర్షంతో మూడు, నాలుగు వారాలు గడుచుటనే మార్గదర్శిని బెట్ట పరిస్థితిగా గుర్తిస్తున్నది గనుక, చెడిపోయిన పరికరమే బెట్టను సృష్టించినట్లు కాగలదు. అటువంటి ఒక్క మండలం తనిఖీలో బయటపడితే, నిజంగా ఎండిన ఇరుగుపొరుగు మండలాల లెక్కలను సైతం అనుమానించే పరిస్థితి వస్తుంది. కనీసం ఇన్ని రోజుల విలువలు ఉంటేనే మొత్తం చూపవలెనని, లేనిచో ఖాళీగానే ఉంచవలెనని ఆజ్ఞలో చేర్చే సౌకర్యం లైబ్రరీలో ఉన్నది. వారపు మొత్తానికి ఏడు రోజులు అని పేర్కొంటే చాలును. 'నిల్', అడ్డగీత గుర్తులకు అర్థమేమిటో మాత్రం స్క్రిప్టు వ్రాసేవారు ఊహించుట సరికాదు. నమోదు చేసిన మండల కార్యాలయం నుండే లిఖితపూర్వకంగా తెలుసుకొనవలెను.

పేర్ల విషయం ఈ జిల్లాకు ప్రత్యేకం. బుక్కరాయసముద్రం ఒక ఫైలులో బి.కె. సముద్రం, చెన్నేకొత్తపల్లి సి.కె. పల్లి, నంబులపూలకుంట ఎన్.పి. కుంట, ఓబులదేవరచెరువు ఓ.డి. చెరువు. మాటలో ఎవరికీ పొరపాటు రాదు, కంప్యూటరుకు ఇవి వేరువేరు ఊర్లు. సాధారణ వర్షపాత పట్టికను, ప్రస్తుత నమోదుల పట్టికను పేర్ల ఆధారంగా కలిపినప్పుడు, రెండింటా ఒకే తీరున లేని మండలాన్ని పాండాస్ అలవాటుగా ఫలితం నుండి తొలగించివేస్తుంది. హెచ్చరిక కూడా ఉండదు. 63 వరుసలు లోనికి వెళ్ళి 59 బయటకు వచ్చినా ఎవరూ లెక్కపెట్టకపోతే, నాలుగు మండలాల రైతులు జాబితాలో లేకుండాపోతారు. అందుచేత రెండు వైపులా ఉన్న వరుసలన్నీ నిలిపి, ఏది ఎటునుండి వచ్చినదో చూపే గుర్తును కోరవలెను. పేర్లకు బదులు స్థానిక సంస్థల డైరెక్టరీ సంకేత సంఖ్యలు వాడుట ఇంకా మేలు. ఆ సంఖ్యలను అక్షరాలుగానే దిగుమతి చేయవలెను. అంకెలుగా చదివితే ముందున్న సున్నలు రాలిపోతాయి.

2022 ఏప్రిల్ 4న జిల్లా విభజన జరిగి, పుట్టపర్తి కేంద్రంగా శ్రీ సత్యసాయి జిల్లా ఏర్పడినది. 2011 జనగణనలో 553 సంఖ్య గల జిల్లా, నాటి జనాభా 40,81,148, ఉమ్మడి జిల్లాయే. పాత ఫైళ్ళలో 'అనంతపురం' అన్నచోట 63 మండలాలు, కొత్త ఫైళ్ళలో అదే పేరు కింద దాదాపు సగం. కొత్త జిల్లాల వర్షాన్ని ఉమ్మడి జిల్లా 553 మిల్లీమీటర్ల సాధారణంతో పోల్చుట పొరపాటు; మండలాల సాధారణాల నుండి తిరిగి లెక్కించవలసి యున్నది. 1985లో మండలాలు రాకముందటి రికార్డులు తాలూకాల వారీగా ఉన్నందున, వాటిని నేటి మండలాలకు నేరుగా అంటగట్టరాదు. మెట్రిక్ విధానానికి పూర్వపు అంగుళాల లెక్కలను 25.4తో గుణించుట మాత్రం సులువైన పని.

తెలుగు అక్షరాలు యూనికోడ్‌లో 1991 నుండి ఉన్నప్పటికీ, పాత ఫైళ్ళు పలుచోట్ల ఇంగ్లీషు అక్షరాల స్థానంలో తెలుగు ఆకృతులను చూపే ఫాంట్లలో ఉన్నవి. వాటిని యూనికోడ్‌లోకి మార్చకుండా దిగుమతి చేస్తే అర్థంలేని ఇంగ్లీషు అక్షరాలే మిగులుతాయి. ఎగుమతి వేళ యూటీఎఫ్-8 సంకేతంతోబాటు ఫైలు ఆరంభ గుర్తును కూడా చేర్చినచో, ఎక్సెల్‌లో తెరిచినప్పుడు మండలాల పేర్లు చెదరకుండా తెలుగులోనే కనిపిస్తాయి.

పత్రికలకు, పై కార్యాలయాలకు పంపే ఫైలులో మండలం సంకేత సంఖ్య, సాధారణ వర్షపాతం, కురిసిన వర్షపాతం, వ్యత్యాస శాతం, 2.5 మిల్లీమీటర్లు లేదా ఆపై కురిసిన వర్షపు రోజుల సంఖ్య ఉండుట ఆనవాయితీ. వీటి పక్కనే కొలత లేని రోజుల సంఖ్యకు ఒక నిలువు వరుస అవసరం. లోటు శాతం గురించి వార్త వ్రాసే పాత్రికేయుడు ముందుగా చూడవలసినది ఆ వరుసనే. ఫైలుతోపాటు స్క్రిప్టును కూడా జతచేసినచో, మూల రికార్డుల నుండి అదే ఫలితం వస్తున్నదో లేదో మరొక కార్యాలయంలో కొద్ది నిమిషాలలో సరిచూడవచ్చును.