ఏ బడి మంచిది?

మే నెల ఆఖరు వారం వచ్చిందంటే మా బంగారుపేట తాలూకా పల్లెల్లో కనిపించిన ప్రతివారూ నన్ను అడిగే మాట ఒకటుంది. "అయ్యవారూ, పిల్లవాణ్ణి ఏ బడిలో వేయమంటారు?" ఊళ్ళో ఉన్న చిన్న శాలలోనా, రెండు మైళ్ళ అవతల ఉన్న పెద్ద శాలలోనా, వ్యాను వచ్చి ఎక్కించుకుపోయే ఇంగ్లీషు బడిలోనా? నేను సర్కారు బడి అయ్యవారిని కాబట్టి నా జవాబు ఒకవైపే ఉంటుందని కొందరు అనుకుంటారు. అందుకని ఏ బడి మంచిదో ఈ రోజు చెప్పబోవడం లేదు. సర్కారు బడులను ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూసేటప్పుడు మనం ఎక్కడ పొరబడుతున్నామో, అది మాత్రం చెబుతాను.

మొదటి పొరబాటు గేటు దగ్గరే జరుగుతుంది. అక్కడ ఫలితాల బోర్డు ఉంటుంది. ఒక పల్లె హైస్కూల్లో 12 మంది ఎస్.ఎస్.ఎల్.సి. పరీక్షకు కూర్చున్నారనుకోండి. ముగ్గురు తప్పితే 75 శాతం. మరుసటి ఏడు మళ్ళీ 12 మందే కూర్చుని ఒక్కరే తప్పితే 92 శాతం దగ్గరికి పోతుంది. బడి అమాంతం బాగుపడిందని ఊరంతా చెప్పుకుంటుంది. అయ్యవార్లు వాళ్ళే, పాఠాలు అవే. తేడా వచ్చింది ఇద్దరు పిల్లల దగ్గర. 120 మంది రాసే టౌను హైస్కూల్లో ఆ ఇద్దరివల్ల రెండు శాతం కూడా మారదు. అందుకే చిన్న బడి బోర్డు చూస్తే ఒక్క ఏడాదితో ఆగకుండా నాలుగైదేళ్ళది అడగండి. ఎంతమంది పాసయ్యారో అడిగినట్టే, ఎంతమంది కూర్చున్నారో కూడా అడగండి.

రెండోది, గడి దాటిన పోలిక. మనకు కుప్పం వైపు చుట్టాలున్నారు. "మా వాడికి 500 వచ్చాయి, మీ వాడికీ 500 వచ్చాయి, ఇద్దరూ సమానమే" అంటారు. ఇక్కడ మొదటి భాషకు 125, తక్కిన వాటికి నూరేసి, మొత్తం 625. అక్కడ మొత్తం 600. ఆ 500 ఇక్కడ 80 శాతమైతే అక్కడ 83 దాటుతుంది. బడుల అమరిక కూడా వేరే. అక్కడ సాధారణంగా అయిదు దాకా ప్రాథమిక పాఠశాల, ఆరు నుంచి పది దాకా హైస్కూలు. ఇక్కడ కిరియ శాల అయిదుతో ఆగిపోతుంది, హిరియ శాల ఏడు దాకానో ఎనిమిది దాకానో ఉంటుంది, ఆపైన హైస్కూలు. కిరియ శాలలో చేరిన పిల్ల పది ముగించేలోపు రెండుసార్లు బడి మారవచ్చు. ఆడపిల్లల చదువు ఆగిపోయేది ఎక్కువగా ఈ మార్పుల దగ్గరే. బిడ్డను చేర్చే రోజునే తరువాతి బడి ఎక్కడుందో, దారి ఎలాంటిదో చూసుకోవాలి.

ఇక భాష సంగతి. ఈ విషయం కొంచెం నింపాదిగా చెప్పుకోవాలి. మన ఇళ్ళలో తెలుగు, బడిలో కన్నడం. కె.జి.ఎఫ్. వైపు పోతే తమిళమూ ఉర్దూ కూడా. చిన్న తరగతుల్లో అల్పసంఖ్యాక భాషల పిల్లలకు మాతృభాషలో చదువు చెప్పే వసతి కల్పించడానికి ప్రయత్నించాలని రాజ్యాంగంలో 350-ఎ అధికరణం ఉంది. 1956లో చేర్చారు. ఎస్.ఎస్.ఎల్.సి.లో తెలుగును మొదటి భాషగా తీసుకునే వీలూ ఉంది. అయితే ఫారంలో గడి ఉంటే చాలదు, బడిలో అయ్యవారు ఉండాలి. చేర్చే ముందు అడగవలసిన ప్రశ్న అది.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒకటో తరగతి పిల్లవాణ్ణి "ఊట ఆయ్తా?" అని అడిగాను. అన్నం తిన్నావా అని నా భావం. వాడు కిటికీలోంచి చెరువు కట్ట వైపు చేయి చూపించాడు. తెలుగు ఊట అక్కడే కదా ఉండేది! తెలుగులో హల్లు అక్షరం, కన్నడంలో హల్లు పన్ను. ఇలాంటివి నాలుగు వారాలు సాగితే బిడ్డ నోరు మూసుకుంటాడు, మనం మొద్దు అని పేరు పెట్టేస్తాం. రెండు భాషలూ తెలిసిన అయ్యవారైతే పాలు–హాలు, పులి–హులి, పాము–హావు, పంది–హంది అని జంటలు కట్టి ఆట ఆడిస్తాడు. మన "ప" వాళ్ళకు "హ" అయిందని పిల్లలే కనిపెడతారు. లిపులు కూడా అక్కాచెల్లెళ్ళే కాబట్టి ఒకటి చక్కగా వస్తే రెండోదానికి ఎక్కువ రోజులు పట్టదు. ఆ అయ్యవారు ఉన్న బడికి గోడలు పెచ్చులూడుతున్నా నేను ఎక్కువ మార్కులు వేస్తాను.

అయ్యవార్ల లెక్క కూడా చూడాలి. విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చింది. దాని ప్రకారం ప్రాథమిక బడిలో 60 మంది దాకా ఇద్దరు ఉపాధ్యాయులు. అంటే అయిదు తరగతులకు ఇద్దరు. ఒకరు మీటింగుకు పోతే ఇంకొకరే. ఇది చూసి చాలామంది పిల్లల్ని తీసేస్తారు. తీసేసిన కొద్దీ సంఖ్య తగ్గుతుంది, బడి పక్క ఊరి బడిలో కలిసిపోతుందేమో అనే భయం మొదలవుతుంది. చివరికి మిగిలేది వ్యానుకు డబ్బు కట్టలేని కూలివాళ్ళ బిడ్డలు.

కానీ అన్ని తరగతులూ ఒకే గదిలో ఉన్నంత మాత్రాన చదువు రాదనుకోనక్కరలేదు. మదనపల్లె దగ్గర ఋషివ్యాలీ వాళ్ళు పల్లె బడుల్లో, అదీ తెలుగులో, కార్డులతో ఒక పద్ధతి తయారుచేశారు. ఎవరి మెట్టు మీద వాళ్ళు నిలబడి, అది వచ్చాకే పై మెట్టుకు పోతారు. 1995లో మైసూరు జిల్లా హెగ్గడదేవనకోట ఉపాధ్యాయులు కొందరు వెళ్ళి చూసి వచ్చి దాన్ని కన్నడంలోకి మార్చుకున్నారు. మన పిల్లలు చదివే నలి–కలి అలా పుట్టింది. తెలుగు పల్లెలో మొలిచి, మైసూరు దాకా పోయి, తిరిగి కోలారుకు వచ్చింది! కార్డులు బీరువాలో తాళం వేసి ఉన్నాయా, పిల్లల చేతుల్లో నలిగి ఉన్నాయా, ఒకసారి చూడండి.

ఇంగ్లీషు ఆశను నేను తప్పుపట్టను. 2001లో గనులు మూతపడ్డాక కె.జి.ఎఫ్. నుంచి తెల్లవారకముందే రైలెక్కి బెంగళూరు పోయి పనిచేసుకునే తండ్రికి ఆ భాష విలువ నాకంటే బాగా తెలుసు. 2019లో కర్ణాటక ప్రభుత్వమే 1000 సర్కారు బడుల్లో ఇంగ్లీషు విభాగాలు పెట్టింది. అక్కడ కూడా అడగవలసింది పాత ప్రశ్నే, చెప్పేవారు ఎవరు అని.

చివరగా నేను వాడే పరీక్ష ఒకటి చెబుతాను. జెండా పండుగ రోజు కాకుండా మామూలు రోజు పదకొండు గంటలకు, హెడ్మాస్టరుగారి అనుమతి అడిగి బడికి పోండి. మూడో తరగతి బిడ్డ చేతికి రెండో తరగతి పుస్తకం ఇచ్చి, మధ్యలో ఏదో ఒక పేజీ తీసి చదవమనండి. ఇది మొదట నా తరగతిలోనే చేశాను. ఒక పాప మొదటి పాఠం గడగడా చదివేసింది. సంతోషపడి నలభయ్యో పేజీ తీశాను. పాప నా మొహం చూసింది, పుస్తకం చూసింది, మళ్ళీ మొదటి పాఠమే అప్పజెప్పింది. ఆ ఏడాది మా బడి ఫలితాల బోర్డు మీద నూరు శాతం అని రాసి ఉంది. మరుసటి రోజు నుంచి ఆ పాపను, ఇంకో ఆరుగురిని గంట ముందు రమ్మన్నాను. దసరా సెలవుల లోపు నలభయ్యో పేజీ దాకా వచ్చాము.