పసుపు బస్తా, పద్దు పుస్తకము

పసుపు పంట చేతికి వచ్చు దినములలో మైదుకూరు నాలుగు రోడ్ల కూడలి చూడదగినది. కర్నూలు నుండి కడపకు పోవు దారియు, ప్రొద్దుటూరు నుండి బద్వేలునకు పోవు దారియు అక్కడ కలియును. బస్తా విప్పి, కొమ్ము విరిచి చూచి, ధర పలుకుటకు నిమిషములే చాలును. సొమ్ము చేతికి వచ్చుటకు మాత్రము ఒక్కొక్కప్పుడు వారములు పట్టును. ఈ నడిమి కాలమునందు రైతునకును వర్తకునకును సాక్షులుగా నిలుచునవి తూకపు చీటీ, తక్‌పట్టీ, చిట్టాలోని పద్దు. సరకును కంటితో చూడవచ్చును. బాకీని కాగితము మీదనే చూడవలెను. కనుక గాదెకు గల కాపుదల కాగితముల పెట్టెకును ఉండవలెనని మా మనవి.

ఈ సీమకు లెక్కలు వ్రాయుట క్రొత్త కాదు. పూర్వము గ్రామ కరణములు భూముల వివరములను, పన్నులను, మాన్యములను తాటాకులపై వ్రాసి కవిలెలుగా కట్టి దాచెడివారు. పురుగు పట్టకుండుటకు ఆకులకు పసుపు పూయుట పెద్దలెరిగిన ఉపాయము. 1800లో నిజాము ఈ సీమను ఈస్టిండియా కంపెనీకి ఒప్పగించెను. ఆ తరువాతి సంవత్సరములలో కర్నల్ కాలిన్ మెకంజీ తన సహాయకులను ఊరూరికి పంపి, కవిలెలలోని సంగతులను, పెద్దలు చెప్పిన వృత్తాంతములను కాగితములపై వ్రాయించెను. కావలి వెంకట బొర్రయ్య, లక్ష్మయ్య సోదరులు ఆ పనిలో ముఖ్యులు. అట్లు వ్రాసినవే కైఫీయత్తులు.

తరువాత జరిగినది గమనింపదగినది. ఇండ్లలో ఒక్క ప్రతిగా ఉండిన కవిలెలు చాల భాగము చెదలకును, తడికిని, అశ్రద్ధకును లోనై నశించినవి. వేరొక చోటికి చేరిన నకళ్లు మాత్రము మిగిలినవి. కడప జిల్లా కైఫీయత్తులు మన కాలములో అచ్చయి, కడపలోని సి. పి. బ్రౌన్ గ్రంథాలయమునకు పోయినవారికి చదువ లభించుచున్నవి. పసుపు పూత ఆకును కొంతకాలము కాచినది. ఆకులోని మాటను తరతరములకు కాచినది నకలు.

ఈ పాఠము పాతబడలేదు. 2024 జూలై 21 రాత్రి మదనపల్లె సబ్ కలెక్టరు కార్యాలయములో మంటలు రేగి భూముల దస్త్రములు కాలిపోయినవి. ప్రభుత్వ కార్యాలయమునకే అట్టి ఆపద వాటిల్లినపుడు, అంగడి వెనుక గదిలోని చెక్క బీరువా మాట చెప్పనేల?

మరి ఏమి చేయవలెను? మొదటిది, ఏనాటి పద్దు ఆనాడే వ్రాయుట. వ్యాపార క్రమములో ఎప్పటికప్పుడు వ్రాసిన లెక్కలను న్యాయస్థానము సాక్ష్యముగా పరిశీలించును. అయినను ఒక్క పద్దును మాత్రమే చూచి ఒకరిని బాకీదారునిగా తేల్చదు. దానికి తోడుగా చీటీ, రసీదు, సంతకము ఉండవలెను. తప్పు పడినచో చెరిపివేయక, చదువుటకు వీలుగా ఒక గీత గీసి, ప్రక్కన సరియైనది వ్రాసి, తేది వేయవలెను.

రెండవది, ఏ కాగితమును ఎంతకాలము ఉంచవలెనో ఎరుగుట. జి. ఎస్. టి. క్రింద నమోదైన వర్తకుడు ఒక సంవత్సరపు లెక్కలను, ఆ సంవత్సరపు వార్షిక రిటర్నునకు గల గడువు తేది నుండి 72 నెలలు ఉంచవలెను. కంపెనీలకు ఆ గడువు ఎనిమిది ఆర్థిక సంవత్సరములు. తగవు నడుచుచున్నచో అది తీరువరకు ఏ కాగితమును పారవేయరాదు. భూమి దస్తావేజులకు, భాగస్వామ్య పత్రములకు ఇట్టి లెక్క లేదు. అవి ఎల్లకాలము ఉంచదగినవి. సంవత్సరమునకొక కట్ట కట్టి, పైన సంవత్సరము వ్రాసినచో వెదుకులాట తప్పును.

మూడవది, చోటు. నేలకును గోడకును తగులకుండ ఇనుప బీరువాలో ఉంచవలెను. వానకాలమునకు ముందొకసారి, పిదప ఒకసారి తెరచి చూడవలెను. నేటి యంత్రపు బిల్లులు వేడిచే అచ్చుపడునవి. వేడికి, వెలుతురుకు వాటి అక్షరములు వెలసిపోవును గనుక వెంటనే నకలు తీయవలెను.

నాలుగవది, రెండవ ప్రతి రెండవ చోట ఉండుట. అంగడిలోని ప్రతికి ఇంటిలో జంట ఉండవలెను. లెక్కలు కంప్యూటరులో వ్రాయువారు నకలును వేరొక పరికరములో ఉంచి, అది తెరచుకొనుచున్నదో లేదో నెలకొకసారి చూడవలెను. తెరచుకొనని నకలు, తాళపుచెవి పోయిన పెట్టె ఒక్కటే. సంకేతపదమును గోడమీద వ్రాయరాదు. ఒక్క గుమాస్తాకే తెలిసియుండరాదు. గుమాస్తా మారిననాడే దానిని మార్చవలెను. ఫోనునకు వచ్చు ఓ. టి. పి. సంఖ్యను అడిగినవారికి చెప్పుట, పెట్టె తాళపుచెవిని బాటసారి చేతిలో పెట్టుట వంటిది.

ఇది వర్తకులకు మాత్రమే చెప్పు మాట కాదు. సేద్యమునకు ప్రోనోటు వ్రాసి అప్పు తెచ్చిన కుటుంబము అసలు, వడ్డీ తీర్చినను, నోటును వెనుకకు తీసికొననిచో ఆ తీర్చిన సంగతికి రుజువేది? కొంత సొమ్ము చెల్లించిననాడు నోటు వెనుక చెల్లు వ్రాయించి, ఫోటో తీసికొనవలెను. పూర్తిగా తీర్చిననాడు నోటును రద్దుచేయించి తెచ్చుకొనవలెను. ఇంటి పెద్ద లేనినాడు భార్యబిడ్డలకు అండయగునది ఆ చిన్న కాగితమే. కావున పెట్టెలో ఏమి కలదో ఇంటిలో మరియొకరికైనను తెలిసియుండవలెను.

నేటి రాత్రి భోజనములైన పిదప ఆ పెట్టెను క్రిందికి దింపుడు. ఇంటివారందరును చుట్టు కూర్చుండి ఒక్కొక్క కాగితమును విప్పి చదువుడు. ఏది ఉన్నదో, ఏది లేదో, దేనికి నకలు కావలెనో ఒక జాబితా వ్రాయుడు. ఆ జాబితాకును రెండు ప్రతులు తీయుట మరువకుడు.