సెల్ బ్రాడ్‌కాస్ట్: మీ ఫోన్‌లోని ఈ మాట పొలంలోంచి వచ్చింది

2023లో ఫోన్లన్నీ ఒకేసారి గట్టిగా మోగి, స్క్రీన్ మీద టెస్ట్ అలర్ట్ కనిపించింది గుర్తుందా? మా ఫ్రెండ్స్‌లో కొందరు ఫోన్ హ్యాక్ అయిందనుకుని కంగారుపడ్డారు. అది టెలికాం శాఖ చేసిన సెల్ బ్రాడ్‌కాస్ట్ పరీక్ష.

అసలు ఈ పేరెక్కడిది? బ్రాడ్ అంటే విశాలంగా, కాస్ట్ అంటే విసరడం. 18వ శతాబ్దంలో ఇంగ్లిష్‌లో ఇది వ్యవసాయపు మాట. గింజల్ని చేత్తో నలువైపులా వెదజల్లడమని అర్థం. 1920ల్లో రేడియో వచ్చాక అదే మాట గాల్లోకెక్కింది. 1922లో పుట్టిన బీబీసీ పేరులో మధ్య 'బీ' ఇదే.

మాది నిడదవోలు. మా వైపు ఈ తేడా చెప్పడం చాలా తేలిక. ఆకుమడిలో మొలక కట్టిన విత్తనాలు చల్లుతారు: గుప్పెడు విసిరితే మడంతా పడతాయి. ఊడ్పుల్లో మాత్రం మొక్క మొక్కా వంగి నాటాలి. ఎస్సెమ్మెస్ ఊడ్పు లాంటిది: ఒక్కో నంబర్‌కీ విడిగా వెళ్లాలి. లక్ష ఫోన్లుంటే లక్ష సార్లు పంపాలి. నెట్‌వర్క్ రద్దీగా ఉంటే ఆలస్యం తప్పదు.

ఇక సెల్ అంటే? టవర్ సిగ్నల్ అందే ప్రాంతంలో ఒక ముక్క. మన భాషలో ఒక మడి అనుకోండి. ఆ మడిలో ఉన్న ఫోన్లన్నిటికీ టవర్ ఒకే మెసేజ్ వెదజల్లుతుంది. మీ నంబర్ దానికి అక్కర్లేదు, డేటా ఆన్‌లో ఉండక్కర్లేదు. వంద ఫోన్లున్నా లక్ష ఉన్నా టవర్‌కి పని ఒకటే.

ఇదేం కొత్త టెక్నాలజీ కాదు. చిన్నప్పుడు నాన్న నోకియాలో సెల్ ఇన్ఫో ఆన్ చేస్తే, రైల్లో వెళ్తుంటే స్క్రీన్ మీద ఊరి పేరు మారిపోతుండేది. 50వ ఛానల్‌లో వచ్చే సెల్ బ్రాడ్‌కాస్టే అది!

ఇప్పుడు దాని పని పెద్దది. గోదావరికి వరదొచ్చినా, తుపాను తీరం దాటుతున్నా అందరూ ఒకేసారి ఫోన్లు చేస్తారు, కాల్స్ కలవవు. అప్పుడు కూడా చేరగలిగేది ఈ అలర్టే. అయితే ఫోన్ స్విచాఫ్‌లోనో, ఫ్లైట్ మోడ్‌లోనో ఉంటే రాదు. టవర్ పడిపోతే అసలే రాదు.

సౌండ్ చిరాకని చాలామంది దీన్ని ఆపేస్తున్నారు. ఆండ్రాయిడ్ సెట్టింగ్స్ సెర్చ్‌లో 'వైర్‌లెస్ ఎమర్జెన్సీ అలర్ట్స్' అని కొట్టి, ఆన్‌లో ఉందో లేదో చూడండి. తర్వాత ఇంట్లో అమ్మానాన్నల ఫోన్లు కూడా చూడండి. గింజ ఎంత బాగా చల్లినా, పడ్డానికి మడి సిద్ధంగా ఉండాలి కదా!