మూడింతల తెలుగు

“నాన్నా, మీ తెలుగు చాలా చోటు తింటోంది!” అంది మా అమ్మాయి. రోషం వచ్చింది గానీ, లెక్క నిజమే. కంప్యూటరులో వాడే యూటీఎఫ్-8 పద్ధతిలో ఇంగ్లీషు అక్షరానికి 1 బైటు చాలు. తెలుగు హల్లుకు 3, గుణింతపు గుర్తుకు మరో 3. ‘తెలుగు’ అనే మూడక్షరాల మాటకు 18!

తమాషా ఏమిటంటే, ఆ మూడింటిలో మొదటి బైటు ఎప్పుడూ ఒకటే. మాటమాటకూ ఇంటిపేరు రాసినట్టన్నమాట. ప్రోగ్రాము ఫైలును దాచేముందు జిప్ పద్ధతిలో కుదిస్తే ఆ దుబారా చాలావరకు పోతుంది. అందులో ఉపాయాలు రెండు. వచ్చిన ముక్కే మళ్ళీ వస్తే “వెనక ఫలానా చోట చూడు” అనడం 1977లో జివ్, లెంపెల్‌లు చూపినది. తరచు వచ్చేదానికి పొట్టి సంకేతం ఇవ్వడం 1952లో హఫ్‌మన్ ప్రకటించినది. పరీక్షకు బదులు వ్యాసం రాయవచ్చునంటే రాసింది! (మా విద్యార్థులకు చెప్పకండి.)

విప్పితే ఒక్క పొల్లయినా పోదు. కాని కుదించిన ఫైలులో ఒక్క బిట్టు చెడినా తరువాతి పాఠమంతా పాడుకావచ్చు. నా నోట్సుకు రెండో ప్రతి వేరేచోట ఉంచాను.