కఫీల్ చేతిలో వీసా: విదేశీ యూనివర్సిటీ కొలువు ఎవరికి?

పాతబస్తీలో కఫీల్ అంటే ఎవరో విడమర్చి చెప్పాల్సిన పనిలేదు. 1970ల నుంచి యాకుత్‌పురా, తలాబ్‌కట్ట, బార్కస్ గల్లీల నుంచి గల్ఫ్‌కు పోయిన డ్రైవర్లకూ, మేస్త్రీలకూ, ఇంటిపని ఆడవాళ్లకూ కఫీల్ అంటే వీసా ఇప్పించిన యజమాని. పని మారాలన్నా, కొన్ని దేశాల్లో ఇంటికి రావాలన్నా ఆయన సరేననాలి. ఖతార్ 2020లో, సౌదీ 2021లో ఈ నిబంధనలు కొంత సడలించినయి. సౌదీ సడలింపు ఇంటిపనివాళ్లకు అందలేదు.

అమెరికా యూనివర్సిటీలో రీసెర్చి కొలువంటే ఇది వేరే లోకమని మన విద్యార్థులు అనుకుంటారు. జీతం, హోదా వేరే, నిజమే. గల్ఫ్ కూలీ బాధనూ ప్రొఫెసర్ ఇబ్బందినీ ఒకే తక్కెట్లో తూచడం మా ఉద్దేశం కాదు. కానీ వీసా తాడు అక్కడా యజమాని చేతిలోనే ఉంటది.

1990 చట్టం తెచ్చిన హెచ్‌-1బి వీసాకు ఉద్యోగి తనంతట తాను దరఖాస్తు పెట్టుకోలేడు, కొలువిచ్చే సంస్థే పెట్టాలి. కంపెనీలకు ఏటా 65,000, అమెరికాలో మాస్టర్స్ చదివినవాళ్లకు మరో 20,000 అని పరిమితి ఉంది. 2000లో యూనివర్సిటీలను ఈ పరిమితి నుంచి తప్పించారు. అందుకే యూనివర్సిటీ కొలువుకు లాటరీ లేదు. అయితే అక్కడి నుంచి కంపెనీకి మారాలంటే మామూలుగా లాటరీలో పడాల్సిందే. కొలువు పోతే 60 రోజుల్లో, లేదా వీసా గడువు అంతకంటే ముందే తీరితే ఆలోపే, ఇంకో యజమానిని చూసుకోవాలి. మొత్తం గడువు మామూలుగా ఆరేళ్లు. అది దాటి ఉండాలంటే గ్రీన్‌కార్డు దారిలో పడాలి. అదీ ఎక్కువమందికి యజమాని దయ మీదనే. పైగా ఒక్కో దేశానికి 7 శాతం పరిమితి ఉండటంతో భారతీయుల క్యూ ఏండ్ల తరబడి సాగుతది.

ఇందులో ఎక్కడా కులం పేరు లేదు. మరి మనకెందుకీ చర్చ?

2025 సెప్టెంబర్ 19న ట్రంప్ ఒక ప్రకటన చేశాడు. బయటి దేశం నుంచి కొత్తగా హెచ్‌-1బి మీద తెచ్చుకునే ఒక్కో మనిషికి యజమాని 1,00,000 డాలర్లు కట్టాలన్నాడు. 12 నెలలకని తెచ్చిన ఆ ప్రకటన యూనివర్సిటీలను మినహాయించలేదు. అయితే అప్పటికే విద్యార్థి వీసా మీద అమెరికాలో ఉండి, అక్కడే హెచ్‌-1బికి మారేవాళ్లకు ఈ రుసుం వర్తించదని అక్టోబర్ 20న వివరణ వచ్చింది.

ఈ గీత ఎవరి మధ్య పడింది? అప్పుకు పూచీ పెట్టడానికి భూమి, ఇల్లు ఉన్న కుటుంబాల పిల్లలు ముందే అక్కడికి చేరి చదువుతారు. ఉస్మానియాలోనో, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలోనో ఫెలోషిప్ మీద పిహెచ్‌డి చేసిన మాల, మాదిగ, పేద ముస్లిం స్కాలర్ ఇక్కడి నుంచే అప్లై చేస్తడు. ఒకే కొలువు, ఒకే చదువు. కానీ ఇతన్ని తీసుకుంటే డిపార్టుమెంటుకు లక్ష డాలర్ల బరువు. ఆ మనిషిని వదిలేసి, దానికి ‘మెరిట్’ అని పేరు పెడతారు.

ముందే అక్కడికి పోయి చదువుకునే దారి మనకు లేదా? 1913లో అంబేద్కర్ బరోడా సంస్థానం స్కాలర్‌షిప్‌తోనే కొలంబియాకు పోయిండు. స్వతంత్ర భారతంలో నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్ 1954-55 నుంచి ఉంది. కానీ 2022లో కేంద్రం భారత సంస్కృతి, చరిత్ర, ఈ దేశ సమాజం మీద చేసే పరిశోధనలకు ఈ స్కాలర్‌షిప్ ఇవ్వబోమని నిబంధన పెట్టింది. అంటే కులం మీద పరిశోధించే దళిత విద్యార్థికి ఈ తలుపూ మూసినట్టే. అక్కడ రుసుం, ఇక్కడ నిబంధన: రెండూ కలిసి మొదటి తరం చదువరినే ఆపుతున్నయి.

కాబట్టి ఆఫర్ లెటర్ చేతికొచ్చిన మన పిల్లలు సంబురంలో సంతకం పెట్టొద్దు. ఏ వీసా ఇస్తారు, రుసుములు ఎవరు కడతారు, గ్రీన్‌కార్డు దరఖాస్తు పెడతారా అని రాతలో అడగాలి. బోధన కొలువైతే ఎంపికైన 18 నెలల్లోగా పెడితే యూనివర్సిటీకి తేలికైన దారి ఉంటదని గుర్తుచేయాలి. జె-1 వీసా ఇస్తామంటే, రెండేళ్లు స్వదేశంలో ఉండాలన్న షరతు తమకు పడుతుందా అని చూసుకోవాలి.

ఈ సమాచారం అగ్రకుల ఇండ్లల్లో అన్నలు, బాబాయిల ద్వారా భోజనాల కాడనే అందుతది. మన ఇండ్లల్లో యూనివర్సిటీ గడప తొక్కిన మొదటి తరం మనమే. కనుక ఈ పని టీచర్లు, విద్యార్థి సంఘాలు నెత్తినేసుకోవాలి. 2022 నిబంధనను రద్దు చేయించే పోరాటాన్నీ దానితో కలిపి నడపాలి.